నర్మద కారుకు కట్టిన పట్టీ

అబ్దుల్ ఖాదర్ తన చేత్తో బిగించిన పట్టీని తన చేత్తోనే విప్పుతున్నాడు. వీపు కింద గోనెసంచి వేసుకుని, వెల్లకిలా పడుకుని అల్లుడి కారు కిందికి దూరాడు. బోల్టు తుప్పు పట్టి రానంటోంది. అది రాకపోతేనే బాగుండునని లోపల ఎక్కడో ఆశ. నాలుగుసార్లు పానా జారింది, అయిదోసారి కదిలింది. మొండి బోల్టు కదిలితే ఏ మెకానిక్కైనా సంతోషిస్తాడు. ఖాదర్ మాత్రం పానాను ఇంకో చుట్టు తిప్పడానికి వెనకాడాడు.

ఆ పట్టీ సంగతి ముందు చెప్పాలి. గుంటూరు ప్రెస్సుల్లో పత్తిని నొక్కి బేళ్లు కట్టేటప్పుడు చుట్టూ ఇనప పట్టీలు బిగిస్తారు. తెగిపోయిన ముక్కలు గోడవారన గుట్టలుగా పడి ఉంటాయి. ఖాదర్ ఆ ముక్కల్ని జానెడు చొప్పున కోసి, కాల్చి, వంచి, రెండు బోల్టులతో నర్మద కార్ల ముందు చక్రాల దగ్గర బిగించేవాడు. నర్మద మంచి బండే. సీట్లు మెత్తన, హారన్ గట్టిది, ఇంజను మొరాయించదు. ఒక్క స్టీరింగు రాడ్డు దగ్గరే కంపెనీవాళ్లు దేశమంతా తారు రోడ్లేనని అనుకున్నట్టున్నారు. రాడ్డు చివర ఒక ఇనప గుండు, ఆ గుండు కూర్చోవడానికొక గిన్నె. మన నల్లరేగడి దుమ్ము ఆ గిన్నెలో దూరి ఏడాది తిరక్కుండానే దాన్ని అరగదీసేది. అరిగిన గిన్నెలోంచి గుండు ఊడిందంటే చేతిలో స్టీరింగు తిరుగుతూనే ఉంటుంది, బండి మాత్రం తన దారిన తను పోతుంది. చిలకలూరిపేట దగ్గర ఒకటి, పర్చూరు దగ్గర ఒకటి అలా పొలాల్లోకి పోయాక ఖాదర్ ఈ పట్టీ కనిపెట్టాడు. గిన్నె అరిగినా, గుండు జారినా, బండి ఆపుకునేదాకా పట్టీ దాన్ని పట్టుకుని ఉంటుంది. నాలుగేళ్లలో అరవై మూడు బళ్లకు వేశాడు. ఆ తర్వాత జిల్లాలో ఒక్క నర్మద కూడా దారి తప్పలేదు.

మరి ఇవాళ ఎందుకు విప్పుతున్నాడంటే, ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది కాబట్టి.

విదేశీ కార్లు రాకుండా సర్కారు ఆపేసినప్పటి నుంచీ దేశంలో చేసినవే కొనుక్కోవాలి. ధరలు పెరుగుతున్నాయి, నాణ్యత తరుగుతోంది అని జనం పత్రికలకు రాశారు, పార్లమెంటులో ఎవరో అడిగారు. విచారణ కమిటీ వేశారు. ఊరూరా తిరిగి కార్లు నడిపేవాళ్లనే అడిగి తెలుసుకుంటారట. తనిఖీ చట్టమొకటి తేవాలా వద్దా అన్నది ఆ తర్వాత తేలుస్తారట.

కార్లు నడిపేవాళ్ల తరఫున మాట్లాడ్డానికి గుంటూరులో ఒక సంఘం ఉంది. జిల్లా మోటారు యజమానుల సంఘం. దాని అధ్యక్షుడు అంకమ్మరావు. జిల్లాలో నర్మద కార్లు అమ్మే ఏజెంటు కూడా అంకమ్మరావే. బొంబాయిలో ఉన్న కార్ల తయారీదార్ల సమాఖ్యలో దక్షిణాది సభ్యుడూ ఆయనే. కొనేవాళ్లు, అమ్మేవాళ్లు, చేసేవాళ్లు అంతా ఒక్క పంచెలోనే సర్దుకున్నారన్నమాట. సంఘం గదికి అద్దె కంపెనీది. గోడ గడియారం, టైపు మిషను, తోలు కుర్చీలు కంపెనీ పంపినవి. సభ్యుల అభిప్రాయం కూడా సభ్యులు కూర్చోకముందే బొంబాయి నుంచి పోస్టులో టైపై వచ్చేది. అంకమ్మరావు చదివేవాడు, అందరూ చేతులెత్తి టీ తాగి వెళ్లేవారు. ఆయన చెడ్డవాడేం కాదు. అడిగినవాడికి సాయం చేసేవాడు. తను ఎవరి తరఫున ఉన్నాడో తనకే గుర్తుండేది కాదు, అంతే.

కమిటీ వస్తోందని తెలిసిన నాడే అంకమ్మరావు ఖాదర్‌ను పిలిపించి సంఘానికి సాంకేతిక సలహాదారును చేశాడు. పెద్దవాళ్ల వరసలో ఒక తోలు కుర్చీ చూపించి, ఇకమీదట అది నీదేనన్నాడు. ముప్పై ఏళ్లు బళ్ల కింద పడుకున్న మనిషికి కుర్చీ ఇస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఖాదర్ ఆ రోజు ఇంటికి వెళ్లి కూతురు ఖుర్షిదాకు రెండుసార్లు చెప్పాడు. ఖుర్షిదా మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది, నెలలు నిండాయి.

తర్వాత అసలు పని చెప్పాడు అంకమ్మరావు. కమిటీకి చూపించడానికి ఎనిమిది నర్మద టాక్సీలను సంఘం గది ముందున్న పత్తి ప్రెస్సు ఆవరణలో వరసగా నిలబెట్టాలి. వాటి కింద బేళ్ల పట్టీలు కనబడకూడదు. కనబడితే ఇదేమిటని అడుగుతారు. పట్టీలు తీసి కంపెనీ పంపే కొత్త గిన్నెలు వెయ్యాలి. కొత్తవైతే ఆర్నెల్లపాటు భయం ఉండదు గదా, ఈలోగా మళ్లీ పట్టీలు వేసుకోవచ్చు. మాట సబబుగానే ఉందనిపించింది ఖాదర్‌కు. పైగా ఆ ఆవరణ పక్కనే అతని షెడ్డున్న స్థలం అంకమ్మరావుది, నర్మద సామాను ఆయన చేతిమీదుగా తప్ప ఇంకో దారిన రాదు. ఆ ఎనిమిది కార్లలో అల్లుడు మాబుది ఒకటి. ముందురోజు సాయంత్రం మాబు కారును షెడ్డులో వదిలిపెడుతూ, కొత్త గిన్నెలు వేస్తున్నావా మామా అని అడిగితే, వేస్తున్నాను పో అన్నాడు ఖాదర్.

గిన్నెల పార్సెలు పొద్దున మెయిల్లో రావాలి. రాలేదు. అంకమ్మరావు మనిషి స్టేషను నుంచి వట్టి చేతులతో వచ్చాడు. అప్పటికే ఏడు బళ్ల పట్టీలు ఊడి కిరసనాయిలు డబ్బాలో పడి ఉన్నాయి. తిరిగి బిగిస్తానన్నాడు ఖాదర్. అంకమ్మరావు చేతి గడియారం చూసుకున్నాడు.

"నిలబెట్టి చూపించడానికేగదయ్యా ఖాదరూ. ఎవరన్నా ఎక్కుతారా, తొక్కుతారా? గంటసేపు. వాళ్లు జీపెక్కి పోగానే అన్నీ బిగించుకో, ఎవరొద్దన్నారు?"

మన దగ్గరి పద్ధతే అది. ఇంటికి పెద్దవాళ్లు వస్తున్నారంటే, విరిగిన మంచంకోడు కింద పెట్టిన ఇటికరాయి తీసి దాచి, మంచం మీద కొత్త దుప్పటి పరుస్తాం. ఎవరూ కూర్చోరులే అనుకుంటాం. ఖాదర్ ఎనిమిదోదైన మాబు బండి పట్టీ కూడా తీశాడు. తీశాక గుండును చేత్తో లాగి చూశాడు. గిన్నెలోంచి సగానికి వచ్చేసింది. మళ్లీ లోపలికి నొక్కి, పైన నల్లరంగు పూశాడు. ఎనిమిది బళ్లనూ స్టార్టు చెయ్యనివ్వకుండా కూలీల చేత తోయించి ఆవరణలో నిలబెట్టాడు. అక్కడే ఉండి మాబుతో చెబుదామనుకున్నాడు. కానీ మాబు రాలేదు, ఖుర్షిదాకు నొప్పులొస్తున్నాయని మంత్రసానిని పిలవడానికి వెళ్లాడని తెలిసింది. ఈలోగా గదిలోకి రమ్మని కబురొచ్చింది.

కమిటీ తరఫున వచ్చింది ఒక్క ఆఫీసరే. మద్రాసులో చదువుకున్నాడట, తెలుగు చక్కగా మాట్లాడుతున్నాడు. కళ్లద్దాలు, చేతిలో తోలు సంచి, మెల్లటి గొంతు. ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడిగాడు. సభ్యులంతా బొంబాయి కాగితంలో ఉన్నదే తమ మాటల్లో చెప్పారు. బండి భేషు, తనిఖీలూ చట్టాలూ పెడితే ధర పెరుగుతుంది, రైతు కొనలేడు. చివరికి ఆయన ఖాదర్ వైపు తిరిగాడు. మీరు చేత్తో పనిచేసేవారు, మీకు తెలిసినంత వీళ్లకు తెలియదు, ఈ బండిలో లోపమేమైనా ఉందా అని అడిగాడు.

ఖాదర్ తోలు కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. గోళ్లలో నల్లరంగు ఇంకా ఆరలేదు. అంకమ్మరావు అతని వైపు చూడకుండా కిటికీ వైపు చూస్తున్నాడు.

"ఏమీ లేదండి," అన్నాడు ఖాదర్.

ఆయన రాసుకున్నాడు. రాసుకుని, కలం మూసి, ఎండ చూసి చిన్నగా నవ్వాడు. ఇంత మంచి బండిని నిలబెట్టి చూస్తే ఏం లాభం, రోడ్డు మీద చూడాలి గదా అన్నాడు. అమరావతి ఇరవై మైళ్లేనటగా, స్తూపం ఎప్పటినుంచో చూడాలనుంది, ఒక నర్మదలో వెళ్లొస్తాను, జీపు వెనక వస్తుందిలే అన్నాడు. అంకమ్మరావు మొహంలో ఒక్క క్షణం నెత్తురు లేదు. తర్వాత సర్దుకుని, దానికేం భాగ్యమండీ అన్నాడు.

ఖాదర్ వాకిట్లోకి వచ్చేసరికి మాబు అక్కడున్నాడు. ఇస్త్రీ ఖాకీ చొక్కా, మొహం నిండా చెమట. మంత్రసానిని ఇంట్లో దింపి సైకిలు మీద వచ్చాడు. ఎనిమిది బళ్లలో అతనిదే ఎక్కువ మెరుస్తోందని ఆఫీసరు అదే ఎక్కాడు. కారు చుట్టూ సంఘం జనం. ఖాదర్ తోసుకుని వెళ్లబోతుంటే అంకమ్మరావు భుజం పట్టుకున్నాడు. మెల్లిగా వెళ్లమని తను చెప్పాడట, మాబు చెయ్యి నమ్మకమైన చెయ్యట, ఇన్నాళ్లు తిరిగిన బండి ఇవాళొక్కరోజు తిరగదా అట. ఇప్పుడు నోరు విప్పితే లోపలన్న మాట అబద్ధమవుతుంది, నువ్వూ నేనూ మాత్రమే కాదు, సంఘమే పోతుంది అన్నాడు. ఆ మాటలు వినేలోపే తలుపు పడింది, ఇంజను మోగింది. మాబు మామ వైపు చూసి చెయ్యి ఊపాడు. కొత్త గిన్నెలున్నాయని వాడి ధైర్యం.

ఖాదర్ షెడ్డులోకి పరుగెత్తి డబ్బాలోంచి రెండు పట్టీలు, వాటి బోల్టులు, పానా తీసుకుని, కదులుతున్న జీపు వెనక భాగం పట్టుకుని ఎక్కేశాడు. మెకానిక్కును, వెనకుండమన్నారు అని చెప్పాడు. సర్కారీ డ్రైవరు చెంచురామయ్య గేరు మార్చి ముందుకు పోనిచ్చాడు.

ఊరు దాటేదాకా ఫర్వాలేదు. గోరంట్ల దాటాక రోడ్డంతా గుంతలు. ముందు కారు లేపిన దుమ్ము గోడలా నిలబడి ఉంది. దుమ్ము పలచబడినప్పుడల్లా ఖాదర్ ముందుకు వంగి ఎడమ చక్రం వైపే చూశాడు. గుంతలో పడ్డప్పుడు అది ఒక్క రవ్వ ఆలస్యంగా తిరుగుతోంది. వేరే ఎవరికీ తెలియదు, అతనికి తెలుస్తోంది. పొలాల్లో ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, ఘాటు గాలికి కళ్లు మండుతున్నాయి. తుడుచుకుంటే ఆ కాస్తసేపూ చక్రం కనబడదని తుడుచుకోలేదు.

బండిని దాటి ముందుకు పోనియ్యమని చెంచురామయ్యను అడిగాడు. దాటకూడదన్నాడు చెంచురామయ్య. దొరగారు కూర్చున్న బండిని బంట్రోతు జీపు దాటితే ఉద్యోగం ఉండదు. ఖాదర్ చేతులు పట్టుకున్నాడు, అల్లుడన్నాడు, చక్రమన్నాడు. చెంచురామయ్యకు సగమే అర్థమైంది, అయినా జాలిపడి హారన్ మోగించాడు.

అదే పొరపాటైంది. వెనకనుంచి సర్కారీ హారన్ మోగేసరికి తను మెల్లిగా పోతున్నానని తొందర పెడుతున్నారనుకున్నాడు మాబు. వేగం పెంచాడు. చెంచురామయ్య ఇంకోసారి మోగించాడు, మాబు ఇంకా పెంచాడు. మోగించొద్దు మోగించొద్దని ఖాదర్ ఆయన చేతిమీద కొట్టాడు. లాం ఊరు దగ్గరపడుతోంది. లాం దాటితే కొండవీటి వాగు మీద వంతెన, దానికి పిట్టగోడ లేదు. ఇంట్లో కూతురు ఏ స్థితిలో ఉందో తెలియదు. ఆమె పురిటి మంచం మీద ఉండగా ఏమన్నా జరిగితే ఆ వార్త తీసుకెళ్లి చెప్పవలసినవాడు తనే. ఎలా చెప్పాలి? పట్టీ నేనే తీశానమ్మా అనా? అంకమ్మరావు చెప్పమన్నాడనా, కుర్చీ ఇచ్చారనా? ఖాదర్ పెదవులు కదుపుతూ అల్లాను తలుచుకున్నాడు గానీ, ఏ ముఖం పెట్టుకుని అడగాలో అతనికే తెలియలేదు.

వంతెన ఇంకా వంద గజాలుందనగా పత్తి బస్తాల బళ్లు ఎదురొచ్చాయి. ఆరేడు జతల ఎడ్లు, రోడ్డు నిండా. మాబు కారు నెమ్మదించింది. ఖాదర్ జీపు ఆగకముందే దూకాడు. మోకాలు చీరుకుపోయింది. లేచి పరుగెత్తి, కారును దాటి, రెండు చేతులూ బానెట్టు మీద పెట్టి నిలబడ్డాడు. యాభై ఏళ్ల మనిషి, ఎగరొప్పుతున్నాడు.

మాబు దిగాడు. "ఏంది మామా? ఖుర్షిదాకేమన్నా..."

ఖాదర్ తల అడ్డంగా ఊపి చక్రం వెనక చెయ్యి పెట్టి లాగాడు. గుండు గిన్నెలోంచి ఊడి చేతిలోకి వచ్చింది. పెద్దగా లాగను కూడా లేదు. మాబు దాన్ని చూశాడు, వంతెన వైపు చూశాడు, రోడ్డు పక్కన కూలబడ్డాడు. మామను ఒక్కమాట అన్లేదు. అని ఉంటే ఖాదర్‌కు కాస్త తేలికయ్యేది.

ఆఫీసరు దిగొచ్చి కళ్లద్దాలు సవరించుకున్నాడు. ఖాదర్ దాచుకోలేదు. గిన్నె ఎందుకు అరుగుతుందో, పట్టీ ఎందుకు వేశాడో, పొద్దున ఎందుకు తీశాడో, గదిలో ఎందుకు అబద్ధమాడాడో అన్నీ చెప్పాడు. షెడ్డు పోతే పోయిందనుకున్నాడు. చెబుతున్నకొద్దీ గుండెలమీద బరువు దిగుతున్నట్టనిపించింది. ఇక కంపెనీ మెడలు వంచి ఆ గిన్నె మార్పిస్తారు, తన తప్పుకు అదే పరిహారమనుకున్నాడు.

ఆఫీసరు శ్రద్ధగా విన్నాడు. పట్టీని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎంతవుతుంది దీనికి అని అడిగాడు. పావలా అన్నాడు ఖాదర్. ఎంత సేపు పడుతుంది? అరగంట. వేశాక ప్రమాదాలు? ఒక్కటీ లేదు. ఆయన పుస్తకం తీసి నిలబడే చాలాసేపు రాసుకున్నాడు. తర్వాత, మరి బిగించండి, ఎండ ముదరకముందే అమరావతి చేరాలి అన్నాడు.

ఖాదర్ బండి కిందికి దూరి, గుండును గిన్నెలోకి నొక్కి, రెండు చక్రాలకూ పట్టీలు బిగించాడు. మాబు ఒక్కొక్క బోల్టూ తను కూడా బిగించి చూసుకుని స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. సాయంత్రానికి క్షేమంగా తిరిగొచ్చాడు. అప్పటికి ఖుర్షిదాకు ఆడపిల్ల పుట్టి నాలుగు గంటలైంది. ఖాదర్ మనవరాలిని ఎత్తుకుని ఏడిచాడు. సంతోషమనుకున్నారు అందరూ.

షెడ్డు పోలేదు. మూడు నెలల తర్వాత సంఘం మీటింగుకు రమ్మని కబురొచ్చింది. వెళ్లగొట్టడానికే అనుకుని చొక్కా కూడా మార్చుకోకుండా వెళ్లాడు. గది నిండా జనం. అంకమ్మరావు లేచొచ్చి అతని మెడలో దండ వేశాడు. కమిటీ నివేదిక వచ్చిందట. బొంబాయి సమాఖ్యవాళ్లు అందులో గుంటూరు గురించి ఉన్న పేరా తెలుగు చేయించి పంపారు. అంకమ్మరావు గొంతు సవరించుకుని చదివాడు.

"స్టీరింగు భాగంలో కొద్దిపాటి అరుగుదల ఉన్నప్పటికీ, స్థానిక మెకానిక్కులు నాలుగణాల ఖర్చుతో దానికి సంతృప్తికరమైన పరిష్కారం కనుగొన్నారు. ఇందుకుగాను భాగాన్ని మార్చమని తయారీదార్లను నిర్బంధించవలసిన అవసరం కమిటీకి కనబడలేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. తనిఖీ చట్టం రాదని, కంపెనీ ఆ గిన్నెలే వేసి కార్లు చెయ్యడానికి ఇంకో కర్మాగారం తెరుస్తోందని, గుంటూరు సంఘం వల్ల దేశం మొత్తంలో పరిశ్రమ నిలబడిందని చెప్పాడు అంకమ్మరావు. ఆయన కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి. ఖాదర్ దండ పట్టుకుని నిలబడ్డాడు.

"రావుగారూ, నర్మదలు మొత్తం ఎన్ని ఉంటాయండీ, దేశంలో?"

"పదకొండువేల పైచిలుకు. ఏం?"

"నేనేసింది అరవై మూడు."

అంకమ్మరావు నవ్వి అతని వీపు తట్టాడు. "ప్రతి ఊళ్లోనూ నీలాంటివాడు ఒకడుంటాడులేవయ్యా."

ఖాదర్ కుర్చీలో కూర్చోలేదు. వాకిట్లోకి వచ్చాడు. మాబు అతన్ని ఇంటికి తీసుకెళ్లడానికి కారుతో వచ్చి ఉన్నాడు, దండ చూసి నవ్వాడు. ఖాదర్‌కు ఆ రోజు జీపులో కూర్చున్నప్పటి భయం మళ్లీ వచ్చింది, అప్పటికన్నా ఎక్కువగా వచ్చింది. అప్పుడు భయపడింది ఒక్కడి కోసం. వాడి పేరు తెలుసు, పోయే దారి తెలుసు, వెంటపడడానికి ఒక బండి ఉంది. ఇప్పుడు ఏ ఊళ్లో ఏ తల్లి కొడుకు ఏ వంతెన దగ్గర పడుతున్నాడో తెలియదు. లోపల ఏమైంది మామా అని మాబు రెండుసార్లు అడిగాడు. ఏమీ లేదురా అన్నాడు ఖాదర్. ఆ మాట నోట్లోంచి రాగానే, ఇదివరకు ఎవరికి ఇదే జవాబు చెప్పాడో గుర్తొచ్చి, కారెక్కకుండా నడుచుకుంటూ వెళ్లిపోయాడు.